గని కప్పును మోయు స్తంభములు

ఎస్టోనియా దేశపు ఈశాన్య భాగమున, నేల లోపల సుమారు 3 మీటర్ల మందమున ఆయిల్ షేల్ అను గోధుమవన్నె రాతిపొర యున్నది. ఈ రాతిని కాల్చి విద్యుచ్ఛక్తిని, బట్టీలలో వేడిచేసి నూనెను తీయుదురు. అచ్చట త్రవ్వకము 1916లో మొదలయ్యెను.

రాతిని తీసిన పిమ్మట పైబండను నిలుపునదేమి? మధ్యమధ్య కొంత రాతిని త్రవ్వక స్తంభములుగా విడుతురు. మోటులెక్క యొకటి వేసి చూతము. ఘనమీటరు రాయి 2.5 టన్నులనుకొన్నచో, 60 మీటర్ల లోతున చదరపు మీటరునకు 150 టన్నుల బరువుండును. నాలుగింట మూడు వంతులు తీసివేసినచో, మిగిలిన వంతే ఆ భారమంతయు మోయవలెను. అనగా చదరపు మీటరునకు 600 టన్నులు! ఆశకొలది స్తంభమును సన్నగా చెక్కిన నది నలుగును. దాని బరువు పొరుగు స్తంభములపై బడి, అవియు వరుసగా కూలవచ్చును. అప్పుడు పైనున్న పొలము క్రుంగి నీరు నిలుచును.

స్తంభముల నడుమ కప్పు సున్నపురాతి పొరలు పేర్చినట్లుండును. రంధ్రములు తొలిచి ఉక్కు బోల్టులు బిగించి, ఆ పొరలను ఒకే దూలమువలె కట్టుదురు. గనులలో కప్పును కడ్డీతో తట్టి చూచుట పాత అలవాటు. ఖంగుమన్న గట్టిది, డొల్లగా మ్రోగిన, పొర విడినదని గుర్తు. దాని క్రింద నిలువరాదు.

మన సింగరేణి బొగ్గుగనులలోను స్తంభముల పద్ధతి కలదు. అయితే ఇచ్చట తరువాత స్తంభములను గూడ తీసి, వెనుక కప్పును కూలనిత్తురు. ఎస్టోనియాలో సాధారణముగా వానిని ముట్టరు. ఆ రాయి భూమిలోనే యుండిపోవును.