మొక్కలోని మంత్రాంగము

చిదంబరమునకు చేరువనున్న పిచ్చావరపు మడ అడవులలో, సముద్రపు పోటు వచ్చి పోవు బురదనేలయందు, వరిపైరు బ్రతుకజాలని ఉప్పునీటిలో నిలిచి, ఆ ఉప్పును తన ఆకులమీదికి స్ఫటికములుగా వెడలగ్రక్కుచు పెరుగు తెల్లమడ చెట్టును చూచినవారికి, దీనికీ శక్తి యెట్లబ్బెనను ప్రశ్న పుట్టక మానదు. కోరంగి అడవులనెరిగిన మన కోస్తావారికి ఈ చెట్టు క్రొత్తది కాదు. ఎం. ఎస్. స్వామినాథన్ 1988లో చెన్నపురిలో నెలకొల్పిన పరిశోధన సంస్థవారు, తరమణిలోని తమ ప్రయోగశాలలో, డాక్టర్ అజయ్ పరీడా నాయకత్వమున, దీని జన్యువులను ఏండ్లతరబడి వెదకి వెలికిదీసిరి. వానిలో సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అను ఎంజైముకు సంబంధించినదానిని పూసా బాస్మతి వరిలో ప్రవేశపెట్టిన వృత్తాంతము 2008లో ప్రకటితమైనది. నాకు అంతకంటె విలువైనదిగా తోచునది 2012లో వెలువడిన మరియొక ఫలితము.

ఆ ఫలితమునకు మూలమైన రెండవ జన్యువునుండి పుట్టు ప్రోటీను మిబ్ కుటుంబమునకు చెందినది. కణకేంద్రకమును ప్రవేశించి, ఇతర జన్యువుల మొదట నిలిచి, వాని అనులేఖనమును, అనగా అవి చదువబడుటను, నడపుటయే దాని పని. ఆ జన్యువును పొగాకు మొక్కలో నిలిపినప్పుడు, ఆ మొక్క ఉప్పునకు మునుపటికంటె మెరుగుగా తాళుకొన్నది. కడలియొడ్డు చెట్టు ఆజ్ఞను పొగాకు ఎట్లు శిరసావహించినది?

జన్యువును చదువుట ఏ యొక్క ప్రోటీనుకును సాధ్యము కాదు. మయిలాపూరు కపాలీశ్వరుని రథోత్సవమున మోకులు పట్టి లాగువారు పలువురు, కదలుడని సంజ్ఞ చేయువారు కొందరు, చక్రముల క్రింద దిమ్మలు త్రోసి నిలుపువారు మరికొందరు ఉందురు గదా. మిబ్ వంటి ప్రోటీను సంజ్ఞ చేయువాని స్థానమునందున్నది. లాగెడు శక్తి ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్‌ది. ఈ రెంటి నడుమ, మీడియేటర్ అనెడు, ఇరువదికి పైబడిన ప్రోటీనుల కూటమి నిలిచి సంజ్ఞను అందించును. 2006లో నోబెల్ బహుమానమందిన రోజర్ కోర్న్‌బర్గ్ బృందమువారు యీస్టులో దీనిని మునుపే పట్టుకొనిరి; ఆవ కుటుంబపు చిన్న మొక్కయగు అరబిడోప్సిస్‌నుండి 2007లో ఇది వేరుచేయబడినది. యీస్టు మొదలుకొని మనుష్యునివరకు వ్యాపించియున్న ఇంతటి పురాతన వ్యవస్థ కనుకనే, మడచెట్టు ప్రోటీనుకు పొగాకులోను సహచరులు దొరికిరని నా భావము.

రథమును నిలుపువారివంటి ప్రోటీనుల చరిత్ర మరింత రమణీయము. పురుగు కొరకని ఆకులో, మైక్2 అను ప్రోటీను రక్షణ జన్యువులను చదివించుటకు సమర్థమైయుండియు, జాజ్ అను ప్రోటీను దానిని పట్టుకొని, నింజా అను మధ్యవర్తిద్వారా టాప్‌లెస్ అను నిరోధకమును రప్పించి కదలనీయదు. పురుగు కొరికినంతనే జాస్మోనేట్ హార్మోను పెరుగును. దాని మూలమున జాజ్, కోయ్1 కూటమికి చిక్కి, నాశనమునకు గుర్తువేయబడి శిథిలమగును. అప్పుడు విడివడిన మైక్2, మీడియేటర్‌లోని మెడ్25 అను అంగముతో చేయి కలుపును. మైక్2 చదివించు జన్యువులలో జాజ్ జన్యువులును ఉండుట, అనగా స్వేచ్ఛ పొందిన క్షణముననే తన బంధమును తానే సిద్ధపరచుకొనుట, నన్ను పరమాశ్చర్యమున ముంచును. ఈ యేర్పాటు లేనిచో, శత్రువు తొలగిన పిదపను మొక్క తన బలమును వృథాగా వెచ్చించుచుండును.

ఈ టాప్‌లెస్సే పిండదశయందు చిగురెటు, వేరెటు అను నిర్ణయములోను పాల్గొనును. అది చెడిన అరబిడోప్సిస్ పిండములు కొన్నిటికి చిగురుండవలసిన కొసనుగూడ వేరు పుట్టును. మెడ్25ను 2003లో మొదట గుర్తించినది పూతకాలమును త్వరపెట్టు ప్రోటీనుగా; రక్షణకార్యమున దాని పాత్ర 2009లో వెల్లడియైనది. పెరుగుదలకును ఆత్మరక్షణకును వేర్వేరు అధికారులున్నారని తలచుట పొరపాటు.

కనుకనే, ఒక్క రక్షక జన్యువును ఎల్లవేళల తెరచియుంచిన మొక్కలు తరచు గిడసబారును. అరబిడోప్సిస్‌లో కరవును చలిని తట్టుకొనుటకు తోడ్పడు డ్రెబ్ ప్రోటీనును నిరంతరము పుట్టించినప్పుడు మొక్కలు కురుచబారుటయు, ఒత్తిడి కలిగినప్పుడు మాత్రమే తెరచుకొను ప్రేరకమును, అనగా జన్యువు ఎప్పుడు చదువబడవలెనో నిర్ణయించు దాని మొదటి భాగమును, జోడించినప్పుడు ఆ కురుచదనము మిక్కిలి తగ్గుటయు జపాను శాస్త్రజ్ఞులు 1999లో చూపిరి. తరమణివారు తెల్లమడనుండి మిబ్ జన్యువుతోపాటు దాని ప్రేరకభాగమునుగూడ పరిశీలించి, ఉప్పు మొదలగు ఒత్తిడులకు స్పందించు సంకేతక్రమములను అందు గుర్తించిరి. ఉప్పుతాకిడి గల మన తీరపు పొలములకు వరిని సిద్ధపరచువారికి, ఆ జన్యువెంత అవసరమో ఈ ప్రేరకమును అంతే అవసరము.