నట్టింట నట్లు: రెండు కొలతల చిక్కు

తఖత్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): రైల్వే జోన్ కేంద్రమైన బిలాస్‌పూర్ జిల్లాలోని ఈ పట్టణం వంటి చిన్న ఊళ్లలో, ఇంటివద్దే మరమ్మతులు చేసుకునేవారికి ఒక్క బోల్టు లోపించినా పని నిలిచిపోతుంది. అందుచేత నట్లు, బోల్టులు ముందుగా నిల్వచేసుకోవడం అవసరమే. అయితే అన్నింటినీ ఒకే డబ్బాలో పోస్తే చిక్కు తప్పదు.

1841లో బ్రిటిష్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన అంగుళాల మరలు నాటి యంత్రాలతోపాటు మన దేశానికి వచ్చాయి. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం మెట్రిక్ పద్ధతికి బాటవేసినప్పటికీ పాత బోల్టులు పూర్తిగా కనుమరుగు కాలేదు.

విట్‌వర్త్ 5/16 అంగుళాల బోల్టు మందం 7.94 మి.మీ. దీనికీ 8 మి.మీ. బోల్టుకూ తేడా కంటికి ఆనదు. కాని చుట్ల మధ్య దూరం మొదటిదానికి 1.41 మి.మీ. కాగా, సాధారణంగా దొరికే రెండవదానికి 1.25 మి.మీ. మాత్రమే. ఒకదాని నట్టును మరొకదానికి ఎక్కిస్తే ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. పానాతో బలవంతం చేస్తే మర చెడిపోతుంది.

కనుక రెండింటికీ వేర్వేరు డబ్బాలు ఉండాలి. తొలుత 6, 8, 10 మి.మీ. బోల్టులు, వాటి నట్లు, వాషర్లు సమకూర్చుకుంటే చాలు. తలపై 8.8 అని ఉన్న బోల్టు చదరపు మిల్లీమీటరుకు దాదాపు 80 కిలోల లాగుడును తట్టుకుంటుంది. ఏ గుర్తూ లేనివాటిని బరువు మోసేచోట, వాహనాల బ్రేకులవద్ద వాడరాదు.