సూర్యునిలో తుఫాను వస్తే మనకేమవుతుంది?

సూళ్లూరుపేట: బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే ఏం చేయాలో మన తీరప్రాంత ప్రజలకు ఒకరు చెప్పనక్కరలేదు. హెచ్చరిక వినగానే జాలర్లు పడవలను ఒడ్డుకు చేరుస్తారు. రైతులు కుప్పలపై పట్టాలు కప్పుతారు. అయితే మబ్బు తునక లేని ఆకాశం నుంచి కూడా తుఫాను వస్తుందని చాలామందికి తెలియదు. అది పుట్టేది సముద్రంలో కాదు, 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న సూర్యునిలో.

సూర్యబింబంపై అప్పుడప్పుడు నల్లని మచ్చలు ఏర్పడతాయి. అక్కడ అయస్కాంత శక్తి మెలికలు తిరిగి బిగిసి ఉంటుంది. ఆ బిగువు ఒక్కసారిగా వీడితే పెద్ద మెరుపు లేస్తుంది. ఒక్కొక్కసారి వందల కోట్ల టన్నుల విద్యుదావేశపు వాయువు కూడా అంతరిక్షంలోకి ఎగజిమ్ముతుంది. మెరుపుతో వెలువడే ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో భూమిని చేరి, పగలున్న ప్రాంతాల్లో షార్ట్‌వేవ్ రేడియోను మూగబోయేలా చేస్తాయి. వాయువు రావటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అది భూమి చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని కుదిపివేయటాన్నే సౌర తుఫాను అంటారు.

బ్యాటరీ లేకుండా నడిచిన తంతి

1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యునిపై ఇటువంటి మెరుపును చూశాడు. పద్దెనిమిది గంటలు తిరగకముందే భూమిపై అలజడి మొదలయింది. అమెరికాలో కొన్నిచోట్ల తంతి ఉద్యోగులు బ్యాటరీలు తీసివేసినా, తీగల్లో పుట్టిన విద్యుత్తుతోనే వార్తలు నడిచాయి. బొంబాయిలోని కొలాబా వేధశాల పరికరాలు కూడా ఆ తుఫానును నమోదు చేశాయి.

ఆనాడు ఉన్నవి తంతి తీగలే. 1989 మార్చి 13 నాటికి పరిస్థితి మారింది. ఆ రోజు తెల్లవారుజామున కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో విద్యుత్ వ్యవస్థ ఒకటిన్నర నిమిషంలో కుప్పకూలింది. సుమారు 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకటిలో గడిపారు. 2022 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన స్పేస్ ఎక్స్ సంస్థ ప్రయోగించిన 49 ఉపగ్రహాల్లో దాదాపు 40 ఒక సామాన్య తుఫానుకే నష్టమయ్యాయి. తుఫాను వల్ల పై వాతావరణం వేడెక్కి, ఉబ్బి, వాటిని కిందికి లాగివేసింది. 2024 మే నెలలో వచ్చిన పెద్ద తుఫానుకు లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అమెరికాలో జీపీఎస్ సాయంతో విత్తనాలు వేసే ట్రాక్టర్లు కొన్ని పొలాల్లోనే ఆగిపోయాయి.

మనకు ప్రమాదమా?

వాతావరణం అడ్డుగా ఉన్నందున నేలపై ఉన్నవారి ఆరోగ్యానికి ఈ తుఫానులతో భయం లేదు. ధ్రువాలకు దూరంగా ఉన్నాం గనుక క్యుబెక్ వంటి విద్యుత్ ముప్పు కూడా మనకు తక్కువే. కాని మరొక చిక్కు ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. అందువల్ల మన ప్రాంతాల్లో పొద్దుగూకిన తరువాత పై ఆకాశంలోని విద్యుదావేశపు పొర చెదిరి, ఉపగ్రహ సంకేతాలు తడబడుతుంటాయి. సౌర తుఫానులు ఈ పొరను మరింత కలచివేయగలవు. తిరుపతి సమీపంలోని గాదంకి రాడార్ ఇటువంటి మార్పులను పరిశీలిస్తున్నది. రాత్రివేళ జీపీఎస్‌ను నమ్ముకుని వేటకు వెళ్లే మరబోట్లకు ఇది సంబంధం లేని విషయం కాదు.

శ్రీహరికోట నుంచి కాపలాదారు

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య ఎల్-1 బయలుదేరింది. 1859 నాటి మహా తుఫాను భూమిని తాకింది కూడా సెప్టెంబరు 2నే కావటం విశేషం. ఏడు పరికరాలతో వెళ్లిన ఈ నౌక 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యునివైపు తన కక్ష్యలో కుదురుకున్నది. తుఫాను ముందుగా దానిని తాకి, సాధారణంగా అరగంట నుంచి గంట తరువాత మనవద్దకు చేరుతుంది. ఆ కొద్ది వ్యవధిలోనే ఉపగ్రహాలను, విద్యుత్ కేంద్రాలను నడిపేవారు జాగ్రత్త పడాలి.

తుఫానును ఆపటం ఎవరి తరమూ కాదు. హెచ్చరిక అందితే నష్టాన్ని తగ్గించుకోవచ్చు. ఈ సంగతి మన తీరానికి కొత్తది కాదు. వేటకు వెళ్లే జాలర్లు జీపీఎస్ ఉన్నదని పడవలో దిక్సూచిని మాత్రం మరువరాదు.