విదేశీ పెట్టుబడి – రాజ్యబాధ్యత: పిపర్‌వార్ వివాదము

విదేశీయుడొకడు వేరొక దేశమున ధనము పెట్టిన పిదప ఆ దేశప్రభుత్వముతోనే తగవు పుట్టినచో తీర్పరి యెవరు? ఆ దేశపు న్యాయస్థానమే యన్నచో, ప్రతివాది యింటనే పంచాయతి జరుగుచున్నదని అతడు శంకించును. ఈ శంకను బాపుటకు ఏర్పడినవే ద్విపక్ష పెట్టుబడి ఒడంబడికలు. వీనిలో మొదటిది 1959లో పశ్చిమ జర్మనీ, పాకిస్తానుల నడుమ కుదిరినది. పెట్టుబడిదారుడు తానే రాజ్యముపై మధ్యవర్తుల యెదుట వాదమునకు దిగు హక్కు తరువాతి ఒడంబడికలలో చేరినది. భారతదేశము 1994లో బ్రిటనుతో తన మొదటి ఒడంబడికను చేసికొనినది.

ఇందలి బరువు మనకు పిపర్‌వార్ వివాదమున తెలియవచ్చినది. నేటి జార్ఖండునందలి ఆ బొగ్గుగనిని అభివృద్ధి చేయుటకు వైట్ ఇండస్ట్రీస్ అను ఆస్ట్రేలియా సంస్థ 1989లో కోల్ ఇండియాతో ఒప్పందము చేసికొనెను. తగవు రాగా 2002లో మధ్యవర్తులు ఆ సంస్థకు సుమారు 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లవలెనని తీర్పిచ్చిరి. ఆ తీర్పును రద్దుపరచ గోరుచు కోల్ ఇండియా కలకత్తా హైకోర్టునకు, అమలుపరచ గోరుచు సంస్థ ఢిల్లీ హైకోర్టునకు పోయిరి. వ్యవహారము సుప్రీంకోర్టు వరకు పోయి, ఏండ్లు గడచినను తేలలేదు.

అంతట సంస్థ 2010లో భారతదేశముపైననే వాదమునకు దిగెను. 2011 నవంబరులో వెలువడిన తీర్పు గమనింపదగినది. కోల్ ఇండియా చేసిన పని రాజ్యముపై పడదనియు, జాప్యము న్యాయనిరాకరణము కాదనియు మధ్యవర్తులు చెప్పిరి. అయినను హక్కును సాధించుకొనుటకు ఫలవంతమైన మార్గము కల్పింతునన్న మాటను భారతదేశము తప్పినదనిరి. ఆ మాట ఆస్ట్రేలియా ఒడంబడికలో లేదు. కువైటు ఒడంబడికలో కలదు. ఒకరి కిచ్చిన మేలు మరియొకరికిని ఈయవలెనను నిబంధన ననుసరించి, పెద్దల్లునికి జరిపిన లాంఛనమును చిన్నల్లుడును కోరినట్లు, సంస్థ దానిని తెచ్చుకొనెను.

ఈ అనుభవము పిదప 2015 డిసెంబరులో ఆమోదించిన నమూనాలో భారతదేశము ఆ నిబంధనను విడిచి, ముందుగా దేశీయ న్యాయస్థానములలో అయిదేండ్లు ప్రయత్నింపవలెనని విధించెను.

నిబంధనలను సవరించుట సులభమే. కాని తీర్పు ఎత్తిచూపినది జాప్యమును. విదేశీయునికి ఒడంబడిక అండగా నిలిచినది. ఏండ్ల తరబడి కోర్టు మెట్లెక్కు మన రైతునకు అట్టి అండ లేదు. కావున న్యాయము త్వరగా జరుగుట పెట్టుబడికే గాక ప్రజలకును రక్ష.