కాలక్షేపానికీ ఓ లెక్కుంది

నాకు మగ్గం వర్క్ వచ్చు. పదో తరగతి సెలవుల్లో మా మేనత్త దగ్గర సరదాగా నేర్చుకున్నాను. పిల్లలు బడికి వెళ్ళాక మధ్యాహ్నాలు తోచక, మా అమ్మ ఇచ్చిన డబ్బుతో ఫ్రేము కొనుక్కున్నాను. ముందు మా ఆడపడుచు జాకెట్టు, తర్వాత ఎదురింటివాళ్ళమ్మాయి పెళ్ళి జాకెట్టు... అలా అలా మా తెనాలి దాటి, విజయవాడలో ఓ పెద్ద చీరల దుకాణం వాళ్ళూ పని పంపడం మొదలుపెట్టారు. ఎవరడిగినా మావారు "ఏదో కాలక్షేపానికి కుట్టుకుంటుందండీ" అనేవారు. నేనూ అదే అనేదాన్ని.

2024 దీపావళి ముందు దుకాణం నుంచి రావలసిన డబ్బు వెయ్యి రూపాయల పైచిలుకు తగ్గింది. ఫోన్ చేసి అడిగాను. "ఈ ఏడు మీకిచ్చింది లక్ష దాటిందమ్మా. మొత్తం మీద ఒక శాతం టి.డి.ఎస్. పట్టుకున్నాం. మీ పాన్ నంబరు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇరవై శాతం పట్టాల్సొచ్చేది" అన్నాడు గుమాస్తా. నాకు గుండె గుభేలుమంది. పన్ను పోయినందుకు కాదు. లక్ష! నేనా సంపాదించింది?

మా వీధి చివర ఆడిటరు గారున్నారు. వాళ్ళావిడ జాకెట్లు నా దగ్గరే. ఆ చనువుతో వెళ్ళి, "ఇది నా సరదా పని బాబాయిగారూ, దీనికి కూడా పన్నేమిటి?" అన్నాను. ఆయన నవ్వి, "చట్టానికి సరదా తెలియదమ్మా. ఇంట్లో వాడి పాతబడ్డ చీరలో, కుర్చీలో అమ్ముకుంటే అది ఆదాయం కాదు, బంగారం సంగతి వేరనుకో. కానీ డబ్బు తీసుకుని మళ్ళీ మళ్ళీ చేసే పని వ్యాపారమే. లెక్క పుస్తకం తీసుకురా" అన్నారు.

పుస్తకమెక్కడిది! నాలుగు రాత్రులు కూర్చుని ఫోన్లో మెసేజీలు, బీరువాలో చీటీలు వెతికాను. తర్వాత నోటుపుస్తకం పెట్టి మార్చి ఆఖరుదాకా రాశాను. దుకాణం ఇచ్చింది 1,86,000. ఇరుగుపొరుగువాళ్ళవి కలిపితే 3,06,000. జరీ, పూసలు, కుందన్లు, దారాలు, సాయం చేసే అమ్మాయి కూలి 1,09,000. మిగిలింది 1,97,000. చదువుతుంటే మావారు టి.వి. కట్టేశారు.

పన్ను లెక్క చూసేది మిగిలినదాని మీదే. ఏడాదికి రెండు కోట్ల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారాలకు ఓ తేలిక దారి కూడా ఉంది. చేతికి నగదుగా వచ్చినదాంట్లో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాంట్లో 6 శాతం కనీసం లాభంగా చూపించాలి. నిజంగా మిగిలింది అంతకన్నా ఎక్కువైతే ఎక్కువే చూపించాలి. నేను మిగిలిందంతా చూపించాను.

మీలో చాలామంది పొరబడేది ఒకటుంది, నేనూ పొరబడ్డాను. "పన్నెండు లక్షల దాకా పన్ను లేదటగా, మనకెందుకీ రిటర్ను?" అంటారు. పన్ను లేకపోవడం వేరు, రిటర్ను వేయనక్కర్లేకపోవడం వేరు. కొత్త పద్ధతిలో 2025-26 సంవత్సరానికి మొత్తం ఆదాయం నాలుగు లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే. రిబేటుతో పన్ను సున్నా అయినా సరే. పాత పద్ధతి ఎంచుకుంటే, అరవై ఏళ్ళ లోపువాళ్ళకు ఆ గీత రెండున్నర లక్షలే. నా లెక్క 2024-25ది, అప్పుడు కొత్త పద్ధతిలో గీత మూడు లక్షలు. అంటే నేను వేయక్కర్లేదు. కానీ పట్టుకున్న 1,860 రూపాయలు వెనక్కి రావాలంటే మాత్రం వేయాలి!

భార్యాభర్తల ఆదాయాలు మామూలుగా కలపరు. ఆయన జీతం ఆయనది, నా కుట్టు నాది. అయితే ఒక మెలిక ఉంది. నా పేరున బ్యాంకులో వేసిన డిపాజిట్టు మావారి డబ్బు. దాని వడ్డీ నా పేరునే వస్తున్నా చట్టం లెక్కన ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. "నీ పేరున వేస్తే పన్ను తప్పుతుందనుకున్నానే" అని ఆయన తల గోక్కున్నారు. ఇన్నాళ్ళూ అది నామీద ప్రేమనుకున్నాను నేను!

రిటర్నులో నా పని వివరం అడిగినచోట ఏం రాయమంటావని ఆడిటరు గారు అడిగారు. నేను తడబడుతుంటే పక్కనున్న మావారు, "మగ్గం పని, సొంత వ్యాపారం అని రాయండి" అన్నారు.

2025 సెప్టెంబరులో ఆ 1,860 నా ఖాతాలో పడ్డాయి. దారాలు చుడుతున్న మా సాయం అమ్మాయికి మెసేజి చూపించాను. అది చేతిలో ఉండ పక్కన పెట్టి, "ఆంటీ, మీరు నాకిచ్చేది కూడా రాసిపెట్టారా? ఏడాదికి ఎంతైంది?" అని అడిగింది.

పుస్తకం తెరిచి ఇద్దరం కూడికలు మొదలుపెట్టాం.