రిలేటివ్ క్లాజులో కామా: ఎప్పుడు పెట్టాలి? ఎప్పుడు వదలాలి?

సింగరేణి ప్రాంతంలో భూగర్భ గనులూ ఉన్నాయి, ఓపెన్‌కాస్టు గనులూ ఉన్నాయి. ఈ విషయం గుర్తుంచుకొని, అభ్యాసం కోసం కూర్చిన కింది ఇంగ్లీషు వాక్యాలను చదవండి.

1. ద వర్కర్స్ హూ వర్క్ అండర్‌గ్రౌండ్ విల్ గెట్ ది అలవెన్స్.
2. ద వర్కర్స్, హూ వర్క్ అండర్‌గ్రౌండ్, విల్ గెట్ ది అలవెన్స్.

మొదటి వాక్యం ప్రకారం అలవెన్సు భూగర్భంలో పనిచేసేవారికే వస్తుంది. ఓపెన్‌కాస్టు కార్మికులకు రాదు. రెండో వాక్యం ప్రకారం ప్రస్తావించిన కార్మికులందరికీ వస్తుంది. వారంతా భూగర్భంలో పనిచేస్తారన్నది అదనపు సమాచారం మాత్రమే. మాటలు అవే. రెండు కామాలతో డబ్బు ఎవరికి అందుతుందన్నదే మారిపోయింది.

తెలుగులో ఈ తేడా ఎందుకు కనిపించదు?

పై రెండు వాక్యాలకూ తెలుగులో "భూగర్భంలో పనిచేసే కార్మికులకు అలవెన్సు వస్తుంది" అనే అంటాం. "పనిచేసే" అన్నది క్రియాజన్య విశేషణం. అది నామవాచకానికి ముందే వస్తుంది, కామా కోరదు. కొందరా, అందరా అన్నది సందర్భాన్ని బట్టి గ్రహిస్తాం. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ సంగతి మనమే తేల్చి చెప్పాలి.

తేల్చుకొనే పద్ధతి

క్లాజును తీసేసి వాక్యం చదవండి. "ఏ కార్మికులు?" అన్న ప్రశ్న మిగిలితే ఆ క్లాజు అవసరం, కామా పెట్టకూడదు. ఎవరి గురించో ముందే స్పష్టంగా ఉంటే క్లాజు అదనం, కామా పెట్టాలి. అందుకే ఊరి పేరు వంటి సంజ్ఞానామాల తర్వాత సాధారణంగా కామా వస్తుంది:

రామగుండం, విచ్ ఈజ్ ఇన్ పెద్దపల్లి డిస్ట్రిక్ట్, హాజ్ ఎ థర్మల్ పవర్ స్టేషన్.

గమనించవలసినవి

• వాక్యం మధ్యలో వచ్చే అదనపు క్లాజుకు రెండు వైపులా కామా ఉండాలి. ఒకటి పెట్టి రెండోది మరవకూడదు.
• కామాతో వచ్చే క్లాజులో "దట్" వాడరు. మనుషులకు "హూ", వస్తువులకు, స్థలాలకు "విచ్" వాడతారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

కామా అవసరమైన చోట పెట్టండి.

అ) మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ మంచిర్యాల ఈజ్ ఎ ఫిట్టర్. (మీకు ఒక్కరే సోదరుడు.)
ఆ) మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ మంచిర్యాల ఈజ్ ఎ ఫిట్టర్. (మీకు ముగ్గురు సోదరులు.)
ఇ) సింగరేణి కాలరీస్ విచ్ హాజ్ ఇట్స్ హెడ్ ఆఫీస్ ఎట్ కొత్తగూడెం మైన్స్ కోల్.

జవాబులు: అ) "బ్రదర్" తర్వాత, "మంచిర్యాల" తర్వాత. ఆ) కామా వద్దు, ఏ సోదరుడో క్లాజే చెబుతోంది. ఇ) "కాలరీస్" తర్వాత, "కొత్తగూడెం" తర్వాత.