సొంత ఖర్చుతో కొలువు: 1 కొరింథీయులకు 9:7, బైజంటైన్ థెమా, హైదరాబాదు పైగా

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయము 7వ వచనములో పౌలు మూడు ప్రశ్నలు వేయుచున్నాడు. ఒకటి సైనికుని గూర్చి, ఒకటి ద్రాక్షతోట వేసినవాని గూర్చి, ఒకటి మందను కాచువాని గూర్చి. సైనికుడెవడును తన చేతి డబ్బు పెట్టుకొని కొలువు చేయడన్నది మొదటి ప్రశ్నలోని భావము. సేవకుని పోషణ సంఘము బాధ్యత అని బోధించునప్పుడు మనము ఈ వచనమునే ఎత్తుకొందుము. అయితే "ఎవడును చేయడు" అన్న జవాబు అన్ని కాలములకు సరిపోదు. నాదర్‌గుల్ నుండి నగరములోనికి పోవు దారిలో ఇందుకు ఒక సాక్ష్యమున్నది. పౌలు పత్రిక అందుకొనిన కొరింథు పట్టణములోనే మరియొకటి ఉన్నది.

ముందుగా పౌలు కాలము. ఇక్కడ వాడిన గ్రీకు మాట ఒప్సోనియోన్, అనగా సైనికుని జీతము. లూకా 3:14లోను, రోమా 6:23లోను, 2 కొరింథీ 11:8లోను ఇదే మాట. రోమా పదాతి సైనికునికి అప్పటి జీతము సంవత్సరమునకు 225 దేనారములు. తిండికి, బట్టకు అందులోనే కోత పడెడిది. భూమి లేక రొక్కము దొరికెడిది కొలువు ముగిసిన తరువాతనే. కాబట్టి కొరింథు శ్రోతలకు పౌలు ప్రశ్నకు జవాబు వెతుక్కొనే పని లేదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట చేరగానే గుట్టమీద అస్మాన్‌గఢ్ కనబడును. సంతోష్‌నగర్ దగ్గర పీసల్ బండలో పైగా సమాధులున్నవి. ఇది "అంతేకాక" అని అర్థమిచ్చు తెలుగు పైగా కాదు. హోదా అను అర్థముగల పారసీక పదము. రెండవ నిజాం అలీ ఖాన్ (1762–1803) తేగ్ జంగ్ అను సర్దారునకు, నిజాం సొంత దళములను పోషించుటకై గ్రామములను జాగీరుగా ఇచ్చెను. షంసుల్ ఉమ్రా అను బిరుదుగల ఆ వంశము తరువాత అస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికారుల్ ఉమ్రాహీ అను మూడు శాఖలాయెను. వికారాబాదు పేరు ఈ మూడవ శాఖ వారి నుండే వచ్చినది. పైగా గ్రామములలో శిస్తు వసూలు, పోలీసు, న్యాయస్థానము అన్నియు పైగా వారివే. ఒకే చేతిలో సైన్యమును, పరిపాలనయు. కాకతీయుల నాయంకర పద్ధతి కూడ ఇట్టిదే: గ్రామముల ఆదాయము అనుభవించి, అందుకు బదులుగా రాజుకు దళమును నిలుపుట.

సర్దారు తన ఖర్చుతో సైన్యమును పోషించినట్లు పైకి కనబడును. నిజముగా ఖర్చు పెట్టినది ఎవరు? శిస్తు కట్టిన రైతు. ఆ సంగతి దస్తావేజులో ఉండదు.

బైజంటైన్ రాజ్యములో దీనికి దగ్గర పద్ధతి థెమా. 7వ శతాబ్దములో అరబ్బులు సిరియాను తీసుకొనగా, వెనుకకు వచ్చిన సైన్యములు చిన్న ఆసియాలో దిగినవి. అవి దిగిన ప్రాంతములకు ఆ సైన్యముల పేర్లే నిలిచినవి. ఈకొనియ, పిసిదియలోని అంతియొకయ అనతోలికోన్ థెమాలోనివి. ఎఫెసు, సార్దీసు థ్రకేసియోన్ థెమాలోనివి. హెరక్లియుస్ చక్రవర్తి ఒక్కసారే ఈ ఏర్పాటు చేసెనని పాత గ్రంథములు వ్రాసినవి. క్రమముగా ఏర్పడినదని నేటి పండితులలో ఎక్కువమంది అభిప్రాయము, మాకును అదే సరియని తోచుచున్నది. థెమా అధికారి స్ట్రటేగోస్. అపొస్తలుల కార్యములు 16లో ఫిలిప్పీ అధికారులకు లూకా వాడినది ఈ మాటయే. పైగా సర్దారువలె ఇతనిది వంశపారంపర్యపు హక్కు కాదు. చక్రవర్తి నియమించును, మార్చును. 6వ లియో కాలమున (886–912) అనతోలికోన్ స్ట్రటేగోస్ జీతము ఏటికి 40 పౌన్ల బంగారము.

క్రింది సైనికునికి నగదు కొద్దిగానే ముట్టెడిది. గుర్రము, ఆయుధములు అతని ఇంటి భూమి నుండియే రావలెను. 7వ కాన్‌స్టంటైన్ (945–959) శాసనము ప్రకారము గుర్రపు సైనికుని భూమిలో 4 పౌన్ల బంగారము విలువగల భాగమును అమ్మరాదు. అనగా పౌలు పరిచర్య చేసిన ఆ ప్రాంతములలోనే, సొంత ఖర్చుతో కొలువు చేయుట చట్టమాయెను.

ఇక కొరింథు. అది పెలొపొన్నెసోస్ థెమాకు ముఖ్యపట్టణము. మొదటి రొమనోస్ (920–944) కాలమున దక్షిణ ఇటలీ యుద్ధమునకు రమ్మనగా, ఆ థెమావారు రాలేమని బదులుగా జీనులు, కళ్లెములతో సహా 1,000 గుర్రములను, 100 పౌన్ల బంగారమును ఇచ్చిరి. గుర్రముల పంపకము 7వ కాన్‌స్టంటైన్ గ్రంథములో నమోదైనది: కొరింథు మెట్రోపాలిటన్ 4, పత్రాస్ మెట్రోపాలిటన్ 4, ఇతర బిషప్పులు తలా 2. మఠములు కూడ ఇచ్చినవి. సైనికుని ఖర్చు ఎవరిదని పౌలు ఏ సంఘమును అడిగెనో, తొమ్మిది వందల యేండ్లకు ఆ సంఘమే ఆ ఖర్చు మోసినది.

ముగింపు రెండు చోట్లను ఒకే తీరుగా నడిచినది. బలవంతులు సైనికుల భూములను కొనుచుండిరి. 934 నుండి చక్రవర్తులు శాసనములు చేసినను ఆగలేదు. 11వ శతాబ్దములో కొలువు పన్నుగా మారి, కూలి సైన్యము వచ్చెను. హైదరాబాదులో 1798, 1800 ఒడంబడికల తరువాత రాజ్యరక్షణ బ్రిటిషువారి చేతికి పోయెను. పైగా దళములకు యుద్ధములో పని తగ్గెను, జాగీరు మాత్రము వంశములో నడిచెను. 1949లో జాగీర్లు రద్దయినవి. పైగా భూముల వ్యాజ్యములు నేటికిని తెగలేదు.

ఇది మనకెందుకనగా, నగరపు అంచు గ్రామములలో కొన్ని సంఘములు కాపరికి నెల జీతము ఇయ్యలేక ఒక ప్లాటు వ్రాసి ఇచ్చుచున్నవి. ఇచ్చినప్పుడు అది కొలువు కొరకే. పదేండ్లకు ధర పెరుగును, కాపరి మారును, ప్లాటు పిల్లల పేర ఉండును. క్రొత్తగా వచ్చిన కాపరిని పోషించుటకు మరల కూలి చేసుకొను విశ్వాసులే చందా వేసుకొందురు. అట్టి సంఘములలో 1 కొరింథీ 9:7 చదివి ప్రసంగించుట మాకు సులభముగా లేదు. భూమి ఇచ్చుట తప్పని మేము అనము. అది ఎవరి పేర ఉండవలెను, కొలువు ముగియగానే ఎవరికి చేరవలెను అన్నది ముందే సంఘము పుస్తకములో వ్రాయవలెనని అడుగుచున్నాము. పౌలైతే కొరింథులో ఆ హక్కును వాడుకొనలేదు. అక్కడ అతని కొరతను తీర్చినది మాసిదోనియ నుండి వచ్చిన సహోదరులు. ఇతర సంఘముల యొద్ద జీతము పుచ్చుకొంటినని ఆయన ఒప్పుకొనిన 2 కొరింథీ 11:8లో ఉన్న మాట మరల ఆ ఒప్సోనియోనే.